తనిఖీయా, దర్యాప్తా, విచారణా?

సందేహం: అమెరికాలో మా అక్కయ్య వాళ్ల ఊరి తెలుగువారి కోసం ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. పిల్లల్ని సరిగా చూడటం లేదని ఫిర్యాదు వెళ్తే అధికారులు ఇంటికి వస్తారు. అప్పుడు తల్లిదండ్రులకు రాజ్యాంగం ఇచ్చే హక్కులేమిటో అందులో ఉంది. ‘పిల్లల సంక్షేమ తనిఖీ: తల్లిదండ్రుల హక్కులు’ అని పేరు పెట్టాను. తనిఖీ కాదు దర్యాప్తని ఒకరు, విచారణని మరొకరు అంటున్నారు. లోపల ‘పిల్లల తొలగింపు’ అన్న ఉపశీర్షిక సరేనా?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: మీ తనిఖీ కన్నడం నుంచి దిగినట్టుంది. పోలీసు దర్యాప్తును అక్కడ ‘తనిఖె’ అంటారు. రోజూ ఆ పత్రికలు చూసే కంటికి అది మన మాటలాగే కనిపిస్తుంది. మనకు తనిఖీ అంటే బస్సులో టికెట్లు చూడటం, హోటలు వంటగది చూడటం. అన్నీ నిబంధన ప్రకారం ఉన్నాయో లేదో చూసుకోవడమే. (రెండో వైపు నుంచీ ఈ చిక్కుంది. మీ ఊళ్లో ‘మక్కళ కల్యాణ సమితి’ అన్న పేరు విని, ఇదేదో పిల్లలకు పెళ్లిళ్లు చేసే సంఘమని కొత్తగా వచ్చిన తెలుగువాడు హడలిపోతే తప్పు పట్టలేం. కన్నడంలో సంక్షేమమూ కల్యాణమే.)

ఇక మిగిలిన రెండు. ఆధారాలు వెతికి కూర్చేది దర్యాప్తు, ఇరుపక్షాలనూ విని తేల్చేది విచారణ. తీర్పు రాక జైల్లో మగ్గేవాణ్ణి విచారణ ఖైదీ అంటాం గానీ దర్యాప్తు ఖైదీ అనం. మన 2015 బాల న్యాయ చట్టం కింద బాలల సంక్షేమ కమిటీ జరిపేది విచారణే, దానికి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. ‘పోలీసుల విచారణలో తేలింది’ అని పత్రికలు రాస్తాయి నిజమే. అక్కడ ప్రశ్నించడమనే అర్థం. వార్తకు అది చాలు, హక్కులు చెప్పే కరపత్రానికి చాలదు.

ఎందుకంటే తలుపు తట్టిన అధికారి ‘విచారణ’కు వచ్చాడని చదివిన తల్లి, తీర్పు చెప్పేదీ ఆయనేనని బెదిరి అన్నిటికీ తలూపుతుంది. ఆయనది దర్యాప్తు మాత్రమే. అమెరికా రాజ్యాంగ నాలుగో సవరణ అసమంజసమైన సోదాల నుంచి ఇంటిని కాపాడుతుంది. ఇంటివారి సమ్మతో, కోర్టు ఉత్తర్వో, బిడ్డకు తక్షణ అపాయమో ఉంటే తప్ప లోపలికి రాకూడదన్నది సాధారణ సూత్రం. పద్నాలుగో సవరణ పని విచారణ దగ్గర: న్యాయప్రక్రియ లేకుండా బిడ్డను తల్లిదండ్రులకు దూరం చేయరాదు. వారి హక్కులను శాశ్వతంగా రద్దు చేయాలంటే, సివిల్ దావాల్లోలాగా సాక్ష్యం ఒక పక్షానికి కాస్త మొగ్గితే చాలదని, స్పష్టమైన, నమ్మదగిన రుజువు కావాలని అక్కడి సుప్రీంకోర్టు 1982లో శాంటోస్కీ కేసులో తేల్చింది. కాబట్టి శీర్షికలో ‘దర్యాప్తు’ ఉంచండి. కోర్టు ప్రస్తావన వచ్చిన చోటే ‘విచారణ’ వాడండి. ఇల్లు వెతకడానికి ‘సోదా’ అన్న మంచి మాట ఉండనే ఉంది.

‘పిల్లల తొలగింపు’ మాత్రం వద్దు. ఆక్రమణలు తొలగిస్తారు, ఓటర్ల జాబితాలో పేర్లు తొలగిస్తారు. బిడ్డను తీసుకువెళ్తారు. ‘పిల్లలను ఇంటి నుంచి తీసుకువెళ్లాలంటే’ అని క్రియతోనే రాయండి. శీర్షిక నామవాచకంతోనే ముగియాలన్న నియమం తెలుగులో లేదు.