జావాలో మెథడ్‌కి వెళ్లేది ఆబ్జెక్టా, రిఫరెన్సా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మెథడ్‌కి పంపిన ఆబ్జెక్టులో ఒక ఫీల్డు మారిస్తే ఆ మార్పు బయట కనిపిస్తోంది. అదే మెథడ్‌లో పారామీటర్‌కి కొత్త ఆబ్జెక్టు ఇస్తే మాత్రం బయట ఏమీ మారడం లేదు. మరి జావా విలువను పంపుతోందా, రిఫరెన్స్‌ను పంపుతోందా?

ఎప్పుడూ విలువనే పంపుతుంది. ఆబ్జెక్టుల దగ్గర ఆ విలువే ఒక రిఫరెన్స్. ఈ మాట నాకు చాలాకాలం ఒంటబట్టలేదు. గేదె, పలుపు అనుకున్నాకే తేటపడింది. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఇప్పటికీ అలాగే చెబుతాను.

వేరియబుల్‌లో గేదె, అంటే ఆబ్జెక్టు, ఉండదు. గేదె దొడ్లో ఉంటుంది, ఆ దొడ్డి పేరు హీప్, అంటే ఆబ్జెక్టులు ఉండే మెమరీ. మీ చేతిలో ఉన్నది పలుపు, అంటే రిఫరెన్స్, మాత్రమే. బి = ఎ అని రాస్తే రెండో గేదె పుట్టదు, ఉన్న గేదె మెడకే ఇంకో పలుపు పడుతుంది. మెథడ్‌ని పిలిచినప్పుడూ ఇదే జరుగుతుంది. పారామీటర్‌కి తనదంటూ ఒక పలుపు వస్తుంది, దాని రెండో కొస మీ గేదె మెడకే ఉంటుంది. లోపల ఎవరైనా ఆ గేదె కొమ్ములకు రంగు వేస్తే మీకూ రంగు కొమ్ములే కనిపిస్తాయి, గేదె ఒక్కటే కాబట్టి. లోపలివాళ్లు తమ పలుపు విప్పి వేరే గేదెకి కట్టుకున్నారనుకోండి, మీ పలుపు కట్టినచోటే ఉంటుంది. మీరు చూసిన రెండు ఫలితాలూ ఇవే.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. రెండు ఆబ్జెక్టులు తీసుకుని, పిలిచినవాళ్ల వేరియబుల్స్‌నే తారుమారు చేసే మెథడ్ జావాలో రాయడానికి ప్రయత్నించండి. కుదరదు, ఎందుకంటే మీరు మార్చగలిగేది మెథడ్ లోపలి పలుపులనే. సీ++లో పారామీటర్‌ని & గుర్తుతో రాస్తే కుదురుతుంది. అక్కడ రిఫరెన్స్ అంటే బయటి వేరియబుల్‌కే ఇంకో పేరు. పైగా సీ++లో మామూలు వేరియబుల్ అంటే గేదే, పలుపు కాదు. = పెడితే మామూలుగా లోపలి ఫీల్డులన్నీ కాపీ అవుతాయి. 'రిఫరెన్స్' అనే ఒక్క మాటని రెండు భాషలు రెండు అర్థాల్లో వాడడం వల్లే ఈ గందరగోళంలో సగం పుట్టిందని నా అభిప్రాయం. నార్వేలో దాల్, నైగార్డ్ రూపొందించిన సిములా 67 అనే పాత భాషలో ఈ తేడా కంటికే కనిపించేది: విలువ ఇవ్వడానికి := గుర్తు, రిఫరెన్స్ ఇవ్వడానికి :- గుర్తు. జావా రెండింటికీ ఒకే = వాడుతుంది. తేడాని మనమే మనసులో పెట్టుకోవాలి.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాల సేకరణ కేంద్రానికి ప్రోగ్రామ్ రాశాను. పొద్దున, సాయంత్రం పాలు పోసేవాళ్ల సభ్యత్వ నంబరు, లీటర్లు, వెన్న శాతం ఎక్కించాలి. 15 రోజులకోసారి బిల్లు తీయాలి. యాభై మంది సభ్యులతో పరీక్షించాను, అన్నీ సరిగ్గా వచ్చాయి. కేంద్రంలో రెండు వందల మందికి పైగా ఉన్నారు. మొదటి బిల్లు తీసిన రోజున కొందరి పేర్ల ఎదురుగా సున్నా వచ్చింది. పదిహేను రోజులు రెండు పూటలా పాలు పోసిన మనిషికి సున్నా రూపాయల చీటీ ఇవ్వడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ చీటీ పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన ముఖం నాకు ఇంకా గుర్తుంది.

సున్నా వచ్చినవాళ్లందరి నంబర్లూ 128, ఆపైన. డేటాబేస్ నుంచి వచ్చిన నంబరునీ కీబోర్డు నుంచి వచ్చిన నంబరునీ ఇంటీజర్ ఆబ్జెక్టులుగా పెట్టుకుని == తో పోల్చాను. ఆబ్జెక్టుల మధ్య == అడిగేది 'ఈ రెండు పలుపులూ ఒకే గేదెవా?' అని, 'రెండు గేదెలూ ఒకేలా ఉన్నాయా?' అని కాదు. మామూలు అంకె రకమైన ఇంట్‌ని తనంతట తానే ఇంటీజర్ ఆబ్జెక్టుగా మార్చేటప్పుడు జావా -128 నుంచి 127 దాకా ముందే చేసిపెట్టిన ఆబ్జెక్టులనే మళ్లీ మళ్లీ ఇస్తుంది. అందుకే చిన్న నంబర్లకు ఒకే గేదె దొరికి, తప్పు పోలిక కూడా నిజమని తేలింది. 128 దగ్గర ఎవరి గేదె వాళ్లది అయిపోయింది. ఈక్వల్స్ మెథడ్ వాడితే సరిపోయింది. ఆ రాత్రే కూర్చుని బిల్లులన్నీ మళ్లీ తీశాం.

స్ట్రింగుల్లోనూ ఇదే ఉచ్చు ఉంది. కోడ్‌లో నేరుగా రాసిన ఒకే రకం స్ట్రింగులు రెండు ఒకే ఆబ్జెక్టు అవుతాయి కాబట్టి == పనిచేసినట్టే కనిపిస్తుంది. వినియోగదారు టైప్ చేసిన స్ట్రింగుతో పోల్చగానే తప్పుతుంది.

నల్ అంటే ఏ గేదెకీ కట్టని పలుపు, దాన్ని పట్టుకుని పాలు పిండబోతే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. ఏ పలుపూ లేని గేదెని, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ బందెలదొడ్డికి తోలుకుపోతుంది. ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండిపోయే స్టాటిక్ మ్యాప్‌లో ఒక పలుపు మరిచిపోయారంటే ఆ గేదె ఎప్పటికీ దొడ్లోనే మేత తింటూ ఉంటుంది. మెమరీ లీక్ అని మనం అనేది చాలాసార్లు ఇదే.

పైథాన్‌లోకి వెళ్లినా పలుపుల లెక్క మారదు. అక్కడ ఫంక్షన్ పారామీటర్‌కి డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు ఇస్తే, ఆ లిస్టు ఫంక్షన్‌ని నిర్వచించినప్పుడు ఒక్కసారే పుడుతుంది. లిస్టు ఇవ్వకుండా పిలిచిన ప్రతిసారీ అదే లిస్టు చేతికొస్తుంది, నిన్నటి సరుకుతో సహా.

ఇక మీ కోడ్ సంగతి. కోడ్ రాయడానికి ఇంటెల్లిజే ఎడిటర్ వాడుతుంటే, పారామీటర్‌కి కొత్త ఆబ్జెక్టు ఇచ్చే లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టండి. డీబగ్గర్‌లో ఆబ్జెక్టు పక్కన @ తర్వాత ఒక నంబరు ఉంటుంది, అదే గేదె చెవికి కట్టిన బిళ్ల అనుకోండి. ఆ లైను దాటగానే పారామీటర్ నంబరు మారుతుంది. అప్పుడు స్టాక్‌లో, అంటే మెథడ్ పిలుపుల జాబితాలో, ఒక మెట్టు కిందికి, దీన్ని పిలిచిన మెథడ్‌కి వెళ్లి చూడండి. అక్కడి వేరియబుల్‌కి పాత నంబరే ఉంటుంది.