ఈ క్యారేజీ గొడవ మీ అమ్మాయిది కాదు

గుంటూరు కొరిటెపాడు నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది.

"మా వారు మిర్చి వ్యాపారం చేసేవారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకుకు ధర పడిపోయి అప్పులపాలయ్యాం. నా గాజులు నాకు చెప్పకుండానే బ్యాంకులో తాకట్టు పెట్టారు. 2025 జూన్‌లో మా అమ్మాయిని ప్రైవేటు స్కూలు మాన్పించి ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో చేర్చారు. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడే ఖర్మ నా బిడ్డకు పట్టకూడదని రోజూ తెల్లవారకుండానే లేచి వండి, క్యారేజీ కట్టి పంపుతున్నాను. ఆ అన్నం స్నేహితురాళ్లకు పంచేసి, తను స్కూల్లో పెట్టేది తింటోందని మొన్న టీచరు చెబితే తెలిసింది. క్యారేజీ శుభ్రంగా కడిగి తెచ్చేది కాబట్టి నాకు అనుమానం రాలేదు. అడిగితే 'అంతా నేనే తిన్నానమ్మా' అంటుంది. అక్కడ ఏ కులం వాళ్లు వండుతారో, పక్కన ఎలాంటి పిల్లలు కూర్చుంటారో తెలియదు. జులైలో జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు నేను వెళ్లలేదు. మా వారు వెళ్లి అమ్మాయి పక్కనే కూర్చుని భోంచేసి వచ్చి, పప్పు బాగుందన్నారు. 'మీ స్థాయికి అది బాగానే ఉంటుంది' అన్నాను. ఆ భోజనం ఆరోగ్యానికి మంచిదేనా? మా అమ్మాయి చేత ఈ అబద్ధాలు మాన్పించడం ఎలా?"

అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే అసలు సంగతి వాటిలో లేదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం మీ అమ్మాయి ఈడు పిల్లల మధ్యాహ్న భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. పిల్లలకు వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడైనా రుచి చూడాలని 2015 నిబంధనలు చెబుతున్నాయి. మీ అమ్మాయి ఆ బడిలో చేరిన ఆ జూన్ నెల నుంచే మన రాష్ట్రంలో బడి భోజనానికి సన్నబియ్యం ఇస్తున్నారు. ఏ రోజైనా అన్నం పలుకుగా ఉన్నా, కూర నీళ్లగా ఉన్నా ప్రధానోపాధ్యాయుడిని నిలదీసే హక్కు మీకుంది. ఇక అబద్ధం సంగతి. అమ్మ మనసు నొచ్చుకుంటుందని పదమూడేళ్ల పిల్ల కుళాయి దగ్గర నిలబడి గిన్నెలు ఒక్కొక్కటే కడిగి, మెతుకు కనబడకుండా సర్ది తెస్తోందంటే, ఆ పిల్ల మోస్తున్న బరువు ఎంతో ఆలోచించండి. ఆ అబద్ధాన్ని మాన్పించవలసినది మీ అమ్మాయి కాదు, మీరు.

ఏ కులం వాళ్లు వండుతారో అని రాసిన మాటను మాత్రం చూసీ చూడనట్టు వదిలిపెట్టలేను. డ్వాక్రా సంఘం మహిళలు వండినా, పెద్ద వంటశాల నుంచి వ్యానులో వచ్చినా, ఆ అన్నం మీ బిడ్డ ఆకలి తీర్చే అన్నం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిలో వండిన అన్నం పెట్టి తీరాలని ఆదేశించిన తరువాత, 2003లో మన రాష్ట్రంలో ఆ పథకం మొదలైంది. అది ఎవరి ఆదాయమూ చూసి పెట్టే అన్నం కాదు. ఇప్పుడు ఆ పథకానికి ఎవరొచ్చినా కాదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరుంది. ఆవిడ పేరు మీద పెట్టే అన్నాన్ని మనం కులం అడిగి తినడం తప్పు. ఉన్నవాళ్ల పిల్లలూ లేనివాళ్ల పిల్లలూ ఒకే పప్పు, ఒకే గుడ్డు తింటున్నచోట ఎవరి ఇంట్లో ఏముందో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన పిల్ల ఒక్కతే మూడు గిన్నెల క్యారేజీ విప్పితే మాత్రం అందరి చూపూ అటే తిరుగుతుంది. స్నేహితులను సంపాదించుకోవడానికి మీ అమ్మాయి చేసిన పని తెలివైనది, మర్యాదైనది కూడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో అమ్మాయి గురించి ఎన్ని వాక్యాలున్నా, నా దృష్టి నిలిచిపోయింది మీరు మీ భర్తతో అన్న ఆ ఒక్క మాట మీదే. వ్యాపారం పోయిన మనిషి, నలుగురూ గుర్తుపట్టే ఊళ్లో, ప్రభుత్వ బడి వరండాలో కూతురి పక్కన చాప మీద కూర్చుని భోంచేశాడు. ఇంటికి వచ్చి పప్పు బాగుందన్నాడంటే, మీరు కూడా ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండునని ఆయన అడిగినట్టే. మీరు ఆయన స్థాయి గుర్తు చేశారు. రోజూ ఉదయం ఆయన కళ్ల ముందు కట్టే ఆ క్యారేజీ కూడా ఆ మాటే చెబుతోందని నా నమ్మకం. బిడ్డకు కావలసినది మీరు పెట్టలేకపోయారు, నేను పెడుతున్నాను అని.

మీ కోపం అన్యాయమైనదని నేను అనడం లేదు. ధర ఏ ఒక్కరి చేతిలోనూ లేదు, యార్డులో ఆ ఏడాది నష్టపోయినవాళ్లు మీ ఇంట్లోనే కాదు, వీధివీధినా ఉన్నారు. కాబట్టి నష్టానికి ఆయనను తప్పు పట్టలేం. గాజుల సంగతి వేరు. పుట్టింటివారు పెట్టినవైనా, పెళ్లిలో వచ్చినవైనా అవి స్త్రీధనం, మీ సొత్తు. అడగకుండా తాకట్టు పెట్టడం పెద్ద తప్పు, ఆ తప్పు ఆయన మీ ముందు ఒప్పుకోవాలి. అయితే ఇన్ని నెలలుగా ఆ మాట మీరు ఆయనతో సూటిగా అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆత్మాభిమానం ఉన్న ఇల్లాలు లెక్క అడుగుతుంది. దెప్పిపొడుపులతో కాలం గడపదు. మీరు అడగవలసినది అడగకుండా మింగి, ఆ ఉక్రోషాన్ని అన్నంలో కలిపి పిల్లకు పంపుతున్నారు. ఆ పిల్ల దాన్ని తినలేక పంచిపెడుతోంది.

సోమవారం నుంచి క్యారేజీ కట్టకండి. అమ్మాయిని కూర్చోబెట్టి విచారణ చేయవద్దు, "రేపటి నుంచి అక్కడే తినమ్మా" అని ఒక్క మాట చెప్పండి చాలు. టీచరు చెప్పిన సంగతి ఎత్తవద్దు. మీ చేతి గోంగూర పప్పు మీద పిల్లకు మనసుంటే రాత్రి భోజనానికి చేసిపెట్టండి, అప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి తినవచ్చు.

ఆ తరువాత, అమ్మాయి ఇంట్లో లేని సమయం చూసుకుని మీ భర్తతో కూర్చోండి. ముందు స్థాయి గురించి అన్న మాట వెనక్కి తీసుకోండి, ఆ పని మీరే మొదలుపెట్టాలి. పిమ్మట తాకట్టు రసీదు ఎక్కడుంది, వడ్డీ ఎంతవరకు కట్టారు, గడువు ఎప్పుడు, బయట ఇంకెవరికి ఎంత బాకీ ఉంది అన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఆయన మొదట చిరాకు పడవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు కూడా. మరునాడు మళ్లీ అడగండి. ఆ కాగితం ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి, వడ్డీ కట్టే రోజున ఆయనతో పాటు మీరూ బ్యాంకుకు వెళ్లండి.