విదేశీ సాయంతో స్త్రీల స్థితి మారుతుందా?

విదేశీ సంస్థలు ఇచ్చే డబ్బు వల్ల పేద దేశాల్లో స్త్రీ పురుష సమానత్వం నిజంగా పెరుగుతుందా అని మీరు అడిగారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మహబూబ్‌నగర్ జిల్లాలో, స్త్రీల పొదుపు సంఘాల ద్వారా పేదరికం తగ్గించేందుకు ప్రభుత్వం చేపట్టిన వెలుగు పథకం కింద కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో సమాధానం చెబుతున్నాను. పెరుగుతుంది, అయితే ఆ డబ్బు స్త్రీలు సంఘటితం కావడానికి ఖర్చయినంత మేరకే.

మన దగ్గర ఈ కదలికకు ఆరంభం డబ్బు కాదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు, ఆ ఊపులోనే జిల్లాలో పొదుపు సంఘాలు విస్తరించాయి. ఆ తరువాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో సంఘాలకు తోడ్పడింది. 2000లో మొదలైన వెలుగుకు ప్రపంచ బ్యాంకు నిధులిచ్చింది. అది దానం కాదు, ప్రభుత్వం తిరిగి తీర్చవలసిన రుణం. ఆ నిధుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది సంఘాల లెక్కల పుస్తకాలు రాసేవారి శిక్షణకూ, ఊళ్లోని సంఘాలను కలిపే గ్రామైక్య సంఘాల, వాటిని మండల స్థాయిలో కలిపే మండల సమాఖ్యల నిర్మాణానికీ పెట్టిన ఖర్చు. భర్త సంతకం లేనిదే అప్పు ఇవ్వలేమని ఒక బ్యాంకు శాఖ చెప్పినప్పుడు, మండల సమాఖ్య నాయకురాళ్లు సంఘం తీర్మానమూ, పొదుపు లెక్కలూ పట్టుకుని వెళ్లి, మేనేజరుతో గంటసేపు వాదించి ఆ షరతును తీసివేయించడం నేను దగ్గరుండి చూశాను. విడివిడిగా వెళ్లి ఉంటే వారి మాట అక్కడ చెల్లేది కాదు.

అప్పు ఒక్కటే మార్చలేని విషయాలూ ఉన్నాయి. భార్య పేరున తెచ్చిన సొమ్ము భర్త బోరుబావికి పోతుంది, వాయిదా మాత్రం ఆమె కూలి డబ్బుల్లోంచి కడుతుంది, పొలం పట్టా ఎప్పటిలాగే అతని పేరునే ఉంటుంది. ఈ విషయంలో నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో 1989లో దేశంలో ప్రారంభమై, 1993లో మన రాష్ట్రానికి వచ్చిన మహిళా సమాఖ్య అనే స్త్రీ విద్యా, సాధికారతా కార్యక్రమం లోతుగా వెళ్లిందని నా అభిప్రాయం. అక్కడ సంఘం కూర్చునేది అప్పుల కోసం కాదు. బాల్యవివాహాలు, ఆడపిల్లలను దేవత పేరున అంకితం చేసే జోగినీ ఆచారం, కూలి రేట్ల వంటివి చర్చకు వచ్చేవి.

కనుక ఏదైనా సాయాన్ని అంచనా వేసేటప్పుడు ఎంత శాతం అప్పు వసూలైందన్న లెక్కతో ఆగకండి. అప్పు ఎవరికివ్వాలో ఎవరు నిర్ణయించారు, వచ్చిన ఆస్తి ఎవరి పేరున నమోదైంది, నిధులు ఆగిన తరువాత కూడా నెలవారీ సమావేశం జరుగుతోందా అన్నవి తప్పక అడగండి.