భాష నేర్పేవారికి: హోంవర్క్ ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లకు వారానికి మూడు రోజులు, గంట చొప్పున విదేశీ భాష నేర్పుతున్నాను. క్లాసులో 15 మంది. ప్రతిసారీ రెండు పేజీల ఎక్సర్‌సైజులు, 30 కొత్త మాటలు ఇస్తున్నాను. సగం మంది చేసుకురారు. చేసినవాళ్లకూ వారం తిరిగేసరికి మాటలు గుర్తుండవు. తగ్గిస్తే వెనకబడతారేమోనని భయం.

జవాబు: తగ్గించండి, భయం అక్కర్లేదు. పేజీల లెక్క మాని నిమిషాల లెక్క వేసుకోండి. ఉద్యోగస్తులకు రోజుకు 20 నిమిషాలు మించకూడదు. అందులో ఎంత పని ఇముడుతుందో తెలియాలంటే ఎక్సర్‌సైజు ముందు మీరే చేసి, పట్టిన సమయాన్ని మూడింతలు చేయండి. లిపి కూడా కొత్తదైతే నాలుగింతలు.

మాటలు క్లాసుకు 8 నుంచి 10 చాలు. మరుపు మొదటి రోజే ఎక్కువగా ఉంటుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపించారు. మీ విద్యార్థులు బహుశా హోంవర్క్ అంతా క్లాసుకు ముందు రాత్రి కూర్చుని ముగిస్తున్నారు. అసలు చిక్కు అక్కడే. క్లాసు అయిన రాత్రే 5 నిమిషాలు నోట్సు మూసేసి, గుర్తున్న మాటలు కాగితం మీద పెట్టమనండి. ఆ తర్వాతే తెరిచి సరిచూసుకోవాలి. మర్నాడు 15 నిమిషాలు రాతపని, క్లాసు రోజు పొద్దున మళ్లీ 5 నిమిషాలు మాటలు. ఒక్కో మాటను పదేసిసార్లు రాయించకండి, అది చేతికి పనే తప్ప బుర్రకు పని కాదు.

రాతపనిలో 20 ఖాళీలు ఇచ్చారనుకోండి. నాలుగైదు పూరించేసరికి వరస తెలిసిపోతుంది, ఇక మిగతావాటికి వాక్యం చదవకుండానే అదే ప్రత్యయం తగిలించేస్తారు. 6 ఖాళీలు ఇవ్వండి, వాటిలో రెండు పాత పాఠానివి కలపండి. ఆపైన 3 సొంత వాక్యాలు. చదవడానికి ఇచ్చే పేరాలో నూటికి రెండు మాటలకు మించి తెలియనివి ఉంటే అది నిఘంటువు తిరగేసే పనిగా మారుతుంది.

మీరు దిద్దగలిగినంతే ఇవ్వడం కూడా ముఖ్యం. మనిషికి 10 వాక్యాలైతే 150. వాక్యానికి అర నిమిషం వేసుకున్నా గంటంపావు, అదీ వారానికి మూడుసార్లు. దిద్దని కాగితం రెండుసార్లు తిరిగొచ్చిందంటే మూడోసారి ఎవరూ రాయరు, వాళ్లను తప్పుపట్టలేం. 3 వాక్యాలైతే 45, అంటే 25 నిమిషాల లోపు. ఆ వారం చెప్పిన వ్యాకరణాంశం వరకే దిద్దండి. ఖాళీల జవాబులు క్లాసు మొదటి 5 నిమిషాల్లో ఇద్దరిద్దరు సరిచూసుకుంటారు.

20 నిమిషాలు కాగానే, పని పూర్తికాకపోయినా, అక్కడ గీత గీసి ఆపేయమనండి. రెండు వారాలు ఆ గీతలు చూడండి. ఐదుగురికి పైగా మధ్యలోనే ఆగుతుంటే పావువంతు తగ్గించండి.

ప్రశ్న: మూడో తరగతి పిల్లలకైతే?

జవాబు: రోజుకు, తరగతికి 10 నిమిషాల చొప్పున అన్న లెక్క అమెరికా బడుల్లో ఉంది. హోంవర్క్ మీద విస్తృతంగా పరిశోధించిన హారిస్ కూపర్ కూడా దాన్ని సమర్థించారు. మూడో తరగతికి 30 నిమిషాలన్నమాట, అదీ అన్ని సబ్జెక్టులకూ కలిపి. భాషకు 10 నిమిషాలు తీసుకోండి. అందులో సగం పైకి చదవడానికే వదిలేయండి.