పాత స్టూడియో పెట్టెలో దొరికిన రెండు కాళ్ల ఉక్కు పనిముట్టు ఏమిటి, దాని విలువ ఎంత?

అమలాపురంలో మీ తాతగారి ఫొటో స్టూడియో పెట్టెలో దొరికిన ఆ పనిముట్టు, అంటే ఉక్కు కడ్డీలపై అటూఇటూ జరిగే రెండు కాళ్లు, వాటిని బిగించే చిన్న మరలు ఉన్నది, లెన్స్ స్పానర్. లెన్స్ గొట్టంలో గాజును పట్టి ఉంచే మరరింగుకు ఎదురెదురుగా రెండు గాట్లు గానీ రంధ్రాలు గానీ ఉంటాయి; కాళ్ల మొనలను వాటిలో కుదురుగా కూర్చి, గట్టిగా అదిమి పట్టి ఎడమవైపు తిప్పితే రింగు వదులవుతుంది. మీరు పంపిన ఫొటోలో ప్రతి కాలికీ ఒక కొస బల్లపరుపుగా, రెండో కొస సూదిగా కనిపిస్తున్నది అందుకే: మొదటిది గాట్లకు, రెండోది రంధ్రాలకు. కోనసీమ తేమకు లెన్సుల్లో బూజు పట్టి, అది వదిలే ఆమ్లాలు గాజుపై పూతను తినేస్తాయి కనుక, తాతగారికి దీని అవసరం తరచూ పడి ఉంటుంది.

ఇలాంటివి కొత్తవి ఇప్పటికీ సులువుగా దొరుకుతున్నాయి కాబట్టి, పాతదైనంత మాత్రాన ధర పెరగదు. తయారీదారు ముద్ర ఉందేమో భూతద్దంతో చూడండి. కెమెరా కంపెనీ తన మరమ్మతు కేంద్రాల కోసం చేయించినదైతే సేకరించేవారు ఎక్కువే ఇస్తారు. మొనలు అరిగినా వంగినా విలువ పడిపోతుంది, ఎందుకంటే జారిన మొన గాజుపై చెరగని గీత పెడుతుంది. తుప్పును మాత్రం దయచేసి ఉప్పుకాగితంతో రుద్దకండి, ముద్ర చెరిగిపోతుంది. కుట్టుమిషను నూనెలో తడిపిన మెత్తటి గుడ్డ చాలు.