34 ఏళ్లకే తుంటి కీలు మార్చాలా?

ప్రశ్న: నా వయసు 34. ఏడాదిగా కుడి గజ్జలో నొప్పి, మోకాలి దాకా లాగుతోంది. మొదట్లో మోకాలి నొప్పి అనుకుని మందులు వాడాను. ఇప్పుడు వంగి సాక్సు తొడుక్కోవడమే కష్టంగా ఉంది. గతంలో జబ్బు చేసి చాలా నెలలు స్టిరాయిడ్లు వాడాను. ఏవీఎన్ వల్ల తుంటి బంతి అణిగిపోయి కీలు అరిగిందని ఎక్స్‌రే చూసి చెప్పారు. ఒక డాక్టర్ ఎముకకు రంధ్రం చేస్తే చాలంటున్నారు, మరొకరు కీలు మార్చాలంటున్నారు. ఇంట్లో వాళ్లు ఈ వయసులో వద్దంటున్నారు. మార్చుకుంటే బాసింపట్టు వేసుకుని కూర్చోగలనా?

జవాబు: తుంటి చెడితే నొప్పి మోకాలిలో తెలియడం మామూలే. మోకాలికి ఎక్స్‌రేలు తీయించుకుని తిరిగి తిరిగి వచ్చేవారు మాకు తరచూ కనిపిస్తారు.

మీ విషయంలో ముందు చూడాల్సింది బంతి ఆకారం, ఆ తర్వాతే వయసు. తొడ ఎముక పైనుండే బంతికి రక్తప్రసరణ తగ్గి, ఎముక చచ్చుబడటమే ఏవీఎన్. బంతి ఇంకా గుండ్రంగా ఉండగా రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తే కొందరిలో కీలు నిలబడుతుంది. దీన్నే కోర్ డికంప్రెషన్ అంటారు. బంతి అణిగి, కీలు అరిగాక దానివల్ల ఫలితం ఉండదు. మూలకణాలు ఎక్కించినా అణిగిన బంతి మళ్లీ గుండ్రం కాదు. అవుతుందనే ప్రకటనలు నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

బంతిని ఉంచి, పైన లోహపు తొడుగు వేసే రీసర్ఫేసింగ్ ఒకప్పుడు యువకులకు ఎక్కువగా చేసేవారు. తొడుగు నిలవాలంటే కింద గట్టి ఎముక ఉండాలి, మీకు లేనిదే అది. పుట్టుకతో బంతి కూర్చునే తుంటి గిన్నె లోతు తక్కువైనవారికి ఎముక కోసి తిప్పే ఆపరేషన్ ఉంది గానీ, అది మీ సమస్యకు పనికిరాదు.

కాబట్టి పూర్తి కీలు మార్పిడే మార్గం. మీ వయసువారికి సాధారణంగా భాగాలను ఎముకకు అతికించే సిమెంటు వాడరు. ఎముక తనంతట తాను అతుక్కునే టైటానియం భాగాలు, సిరామిక్ బంతి అమరుస్తారు. 2019లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం మార్చిన తుంటి కీళ్లలో దాదాపు 58 శాతం 25 ఏళ్లు నిలిచాయి. వయసు తక్కువైతే వాడకం ఎక్కువ, కనుక మీకు మరోసారి మార్చాల్సి రావచ్చు. రెండోసారి ఆపరేషన్ కాస్త కష్టమే. అయినా అరవై దాకా కుంటుతూ ఆగమనడం నాకు నచ్చని సలహా. అప్పటికి తొడ కండ చిక్కిపోతుంది, నడుము కూడా పట్టేస్తుంది.

ఒక పని మాత్రం వెంటనే చేయండి. నొప్పి లేకపోయినా ఎడమ తుంటికి కూడా ఎమ్మారై తీయించండి. స్టిరాయిడ్ల వల్ల వచ్చే ఏవీఎన్ తరచూ రెండు వైపులా ఉంటుంది. అక్కడ తొలి దశలో ఉంటే మీ మొదటి డాక్టర్ చెప్పిన రంధ్రం ఆ తుంటికి పనికొస్తుంది. మద్యం, పొగ మానేయండి. ఇంకా స్టిరాయిడ్లు వాడుతుంటే సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌నే అడగండి.

ఇక బాసింపట్టు సంగతి. మొదటి మూడు నెలలు వద్దు. తర్వాత కూర్చోవచ్చా లేదా అన్నది కీలును ఏ వైపు నుంచి తెరిచారు, ఎంత సైజు బంతి పెట్టారు అన్నదాన్ని బట్టి మీ సర్జనే చెప్పాలి. ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోండి.