ఓడ రేవు చేరాకే అసలు కథ

తమ్ముడూ,

నీ నవలలో నువ్వు పంపిన భాగం చదివాను. చదివించే గుణం ఉంది, అందులో అనుమానం లేదు. కానీ పోలండ్ రాజనిధి కథని కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఓడ ఆగగానే ముగించేశావు చూడు, అక్కడే నాకు పేచీ. ఆ పెట్టెలు కెనడా చేరింది 1940 జులైలో. మళ్ళీ ఇల్లు చేరింది కొన్ని 1959లో, గోడలకి వేలాడదీసే నేత తెరలేమో 1961లో. యుద్ధం నుంచి తప్పించుకున్న సొత్తు యుద్ధం అయిపోయాక పదహారేళ్ళు ఎందుకు ఆగిపోయింది? కథంతా అక్కడుంటే నువ్వు మొదటి పది నెలలకే ఆయాసపడి కూర్చున్నావు.

ప్రయాణాన్ని కుదించు. 1939 సెప్టెంబరు మొదట్లో క్రాకోలోని వావెల్ కోట నుంచి బొగ్గు పడవలో విస్తులా నది మీద బయల్దేరి, తర్వాత రోడ్డు పట్టి రొమేనియా, అక్కణ్ణుంచి ఫ్రాన్స్, అది కూడా కూలిపోతుంటే ఇంగ్లండ్, చివరికి బతోరీ అనే ఓడలో అట్లాంటిక్. దీనికి నాలుగైదు పేజీలు చాలు, నువ్వు రాసినదాంట్లో సగం తుఫాన్లే. సెప్టెంబరు 6న జర్మన్లు క్రాకోలోకి వచ్చేశారు, కొన్నాళ్ళకి పోలండ్ మీద హిట్లర్ పెట్టిన గవర్నర్ హాన్స్ ఫ్రాంక్ ఆ కోటలోనే కాపురం పెట్టాడు. టెన్షన్‌కి ఈ రెండు ముక్కలు చాలవూ?

అమూల్యం, అపురూపం లాంటి మాటలు కొట్టేసి వస్తువుని చూపించు. 16వ శతాబ్దంలో పోలండ్ రాజు సిగిస్మండ్ అగస్టస్ బ్రస్సెల్స్‌లో నేయించిన తెరలవి, 130కి పైగా. ఉన్ని, పట్టు, మధ్యలో బంగారు వెండి జరీ, కొన్నిటి మీద రాజుగారి పొడి అక్షరాలు. పెళ్ళి పట్టుచీర మడతపెట్టినవాళ్ళకి జరీ బరువేంటో తెలుసు, మరి గోడంత తెరని చుట్టి పడవలోకి దించాలంటే ఎన్ని చేతులు పడతాయో అది రాయి. ఇంకోటి, వాటిలో బైబిల్లోని నోవహు, అతని ఓడ, జలప్రళయం కథ తెరలూ ఉన్నాయి. నది మీద పడవలో నోవహు! నీకు చేతులు దురదపెడతాయని నాకు తెలుసు. ఒక్క వాక్యం రాసి వదిలెయ్, ప్రతీక చేసి సాగదీయకు.

పోలండ్ వాళ్ళ భయానికి పాత కారణముంది. 1795లో కిరీటాల్ని ప్రష్యా వాళ్ళు ఎత్తుకెళ్ళి తర్వాత కరిగించేశారు, తెరల్ని రష్యా పట్టుకుపోయింది, 1921లో పోలండ్‌కీ సోవియట్లకీ కుదిరిన రీగా ఒప్పందం తర్వాత గానీ అవి తిరిగిరాలేదు. ష్చెర్బియెత్స్ అనే పట్టాభిషేక ఖడ్గం మిగిలిందంటే అదే ఎక్కువ.

ఇక మనుషులు. స్వియెజ్-జలెస్కీ, పోల్కోవ్‌స్కీ, ఇద్దరూ కాపలాగా క్రాకో నుంచి కెనడా రాజధాని ఒట్టావా దాకా కలిసే వచ్చారు. 1945లో కెనడా వార్సాలోని కమ్యూనిస్టుల ప్రభుత్వాన్ని గుర్తించింది, యుద్ధంలో లండన్‌కి తరలిన పాత పోలండ్ ప్రవాస ప్రభుత్వం కాగితం మీద మిగిలింది. జలెస్కీ కొత్తవాళ్ళ వైపు వెళ్ళాడు, పోల్కోవ్‌స్కీ పాతవాళ్ళతోనే ఉండిపోయాడు. ఒట్టావాలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలోని రికార్డుల భవనంలో ఉన్న పెట్టెల్లో చాలావాటిని పోల్కోవ్‌స్కీ గుట్టుగా మఠాలకి తరలించేశాడు. 1946లో వార్సా రాయబారి వచ్చి చూసేసరికి ముఖ్యమైనవేవీ లేవు. ఖడ్గం, గుటెన్‌బర్గ్ అచ్చు వేసిన పాత బైబిల్, సంగీతకారుడు షోపెన్ రాతప్రతులున్న రెండు పెట్టెలేమో బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్‌లో ఉన్నాయి, అవి బయటికి రావాలంటే ఇద్దరి సంతకాలూ పడాలి. ఇద్దరూ చెరో ప్రభుత్వం మనుషులు. నీ నవల ఈ ఒక్క షరతు మీద నిలబడుతుంది తమ్ముడూ, తుఫాన్ల మీద కాదు.

కెనడాలోని క్వెబెక్ ప్రావిన్సు ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, డ్యుప్లెసీని కూడా వదలకు. కమ్యూనిస్టులంటే ఒళ్ళుమంట. 1948లో తెరల్ని ప్రావిన్సు మ్యూజియానికి తెప్పించుకుని ఇవ్వనంటే ఇవ్వనని భీష్మించాడు, ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం ఏమీ చెయ్యలేకపోయింది. 1959లో ఆయన పోయాకే దారి దొరికింది.

జలెస్కీని మాత్రం ద్రోహిని చెయ్యకు. ఆ సొత్తు పోలండ్‌ది, పోలండ్ అక్కడే ఉంది, కనుక ఇంటికి పోవాలి అనడంలో తప్పేముంది? అప్పగించినవాళ్ళకే మళ్ళీ అప్పగిస్తానని పోల్కోవ్‌స్కీ అనడంలోనూ తప్పు లేదు. ముందుమాటలో కోహినూర్ ప్రస్తావన తెచ్చావు, అది తీసెయ్. అక్కడ పట్టుకుపోయినవాళ్ళెవరో మనకి తెలుసు. ఇక్కడ కాజేసినవాడంటూ లేడు, అందరూ కాపాడుతున్నామనే అన్నారు, రాయడం కష్టమయ్యేదీ అందుకే.

ముందు 1945 అధ్యాయం రాసి పంపు, ఎంత గజిబిజిగా ఉన్నా సరే. పేర్లు మాత్రం పోలిష్ తెలిసినవాళ్ళెవరినైనా అడిగి సరిచూసుకో, నీ డ్రాఫ్టులో ఒకే మనిషికి మూడు స్పెల్లింగులున్నాయి.